లోపలి సర్వర్లకు బ్రౌజర్ నమ్మే సర్టిఫికెట్

బెంగళూరు వైట్‌ఫీల్డ్ ఆఫీసు ర్యాకులో ఉన్న గిట్ సర్వరు బయటి నెట్‌కు కనబడదు. అయినా దానికి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ నుంచి సర్టిఫికెట్ ఉచితంగా వస్తుంది. 80వ పోర్టు తెరవనక్కర్లేదు. డొమైన్ మీదేనని డీఎన్ఎస్ రికార్డుతో నిరూపించే డీఎన్ఎస్-01 పద్ధతి వాడండి.

ముందు సొంత డొమైన్ ఉండాలి. డాట్ లోకల్ పేర్లకు పబ్లిక్ సంస్థలు సర్టిఫికెట్ ఇవ్వవు. డొమైన్ మీదేనని చూపే టీఎక్స్‌టీ రికార్డును సర్ట్‌బాట్ (సర్టిఫికెట్ తెచ్చిపెట్టే ప్రోగ్రాం) డీఎన్ఎస్ ప్లగిన్ తానే పెట్టి తీసేస్తుంది, మీ డీఎన్ఎస్ ఖాతాలోకి దాన్ని రానిచ్చే ఏపీఐ టోకెన్ ఇస్తే చాలు. ఆ టోకెన్‌కి ఒక్క జోన్ (ఆ డొమైన్ రికార్డులు) మార్చే హక్కే ఇవ్వండి, టోకెన్ ఫైలు అనుమతి 600, అంటే యజమాని ఒక్కరే చదివి రాయగలిగేలా. ఖాతా మొత్తం తాళంచెవి ర్యాకులో వదిలేయడం గుమ్మానికి వేలాడదీసినట్టే.

మొదటి ప్రయత్నం స్టేజింగ్ (లెట్స్ ఎన్‌క్రిప్ట్ పరీక్ష సర్వరు) మీదే. అసలు సర్వరులో సరిగ్గా అవే పేర్లతో వారానికి 5 సర్టిఫికెట్లే.

ఎక్కువగా బెడిసికొట్టేది తొందర. రికార్డు పెట్టిన 10 సెకన్లకే తనిఖీ జరిగితే పాత జవాబే రావచ్చు. 60 నుంచి 120 సెకన్లు ఆగేలా పెట్టండి. రికార్డు వచ్చిందో లేదో ఆఫీసు రిజాల్వర్‌ని (పేర్లకు జవాబు వెతికిచ్చే సర్వరుని) కాక, రికార్డులు నిజంగా ఉండే డొమైన్ అసలు నేమ్‌సర్వర్‌ని అడగండి. లోపలి డీఎన్ఎస్‌లో అదే జోన్‌కి వేరే కాపీ ఉంటే అది చెప్పేది నమ్మలేం.

జారీ అయిన ప్రతి పేరూ ఎవరైనా చూడగల పబ్లిక్ లాగుల్లోకి ఎక్కుతుంది. పేరోల్ సర్వరు పేరు ఊరంతా తెలియడం ఇష్టం లేకపోతే సర్వరు పేరు బదులు * ఉండే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ తీసుకోండి.

రెన్యువల్ దానంతటదే జరిగినా, రీలోడ్ చేయకపోతే వెబ్ సర్వరు ఎన్జిన్‌ఎక్స్ పాతదే చూపిస్తుంది. రెన్యువల్ అయ్యాక సర్ట్‌బాట్ నడిపే డిప్లాయ్ హుక్‌లో రీలోడ్ కమాండ్ పెట్టండి. మధ్య సర్టిఫికెట్లు కూడా ఉన్న ఫుల్‌చెయిన్ ఫైలే ఎన్జిన్‌ఎక్స్‌కి ఇవ్వండి. ఉత్త సర్ట్ ఫైలు ఇస్తే కొన్ని బ్రౌజర్లు సర్దుకుపోతాయి గానీ కర్ల్ (కమాండ్‌లైన్ సాధనం), జావా ప్రోగ్రాములు మొరాయిస్తాయి.