చౌడు చేలకు కలప వ్యర్థాలతో బయోచార్: గోదావరి డెల్టా శివారు రైతులకు ఒక పద్ధతి

గోదావరి డెల్టాలో ఉప్పు బాధ ప్రధానంగా శివారు ఆయకట్టుది. ఉప్పలగుప్తం, కాట్రేనికోన, అల్లవరం, సఖినేటిపల్లి, మొగల్తూరు వంటి తీర మండలాలకు కాలువ నీరు అన్నిటికంటే ఆలస్యంగా అందుతుంది. పోటు సమయంలో ఉప్పునీరు మురుగు కాలువల గుండా వెనక్కి ఎక్కుతుంది. వేసవిలో కాలువలు కట్టేశాక అడుగునున్న ఉప్పు తేమతోపాటు పైకి లేచి నేల మీద తెల్లగా పేరుకుంటుంది. పక్కనే రొయ్యల చెరువు ఉంటే దాని ఊట కూడా తోడవుతుంది. ఇలాంటి చేలకు బయోచార్, అంటే గాలి అంతగా తగలకుండా కలపను కాల్చి చేసే బొగ్గు, మేలు చేయగలదు, కానీ అది ఉప్పును మాయం చేసే మందు కాదు. బిగుసుకుపోయిన ఒండ్రు నేలను గుల్లబరచి, మంచినీరు లోపలికి దిగి ఉప్పును కడుక్కుపోయే దారిని ఇస్తుంది, కొంత సోడియాన్ని తన మీద పట్టి ఉంచుతుంది. కడగడానికి మంచినీరూ, కడిగిన నీరు బయటికి పోవడానికి మురుగు దారీ లేని చేలో బయోచార్ మీద పెట్టే ఖర్చు వృథా అవుతుంది.

అందువల్ల మొదటి పని మట్టి పరీక్ష. చేను నాలుగు మూలలా, నడుమా, జానెడు లోతు వరకు మట్టి తీసి కలిపి ప్రయోగశాలకు ఇచ్చి, పీహెచ్, విద్యుత్ వాహకత (కరిగిన ఉప్పు ఎంతుందో చెప్పే కొలత), మార్పిడి కాగల సోడియం శాతం (బంకమట్టిని అంటిపెట్టుకున్న సోడియం వాటా) మూడూ అడగాలి. సంతృప్త మట్టి సారంలో, అంటే నీటితో ముద్దగా తడిపిన మట్టి నుంచి తీసిన నీటిలో, వాహకత మీటరుకు 4 డెసీసైమన్లు దాటి, పీహెచ్ 8.5 కంటే తక్కువగా, సోడియం శాతం 15 కంటే తక్కువగా ఉంటే అది పాలచౌడు. సోడియం 15 శాతం దాటి పీహెచ్ 8.5 పైన ఉంటే అది కారుచౌడు. చాలా ప్రయోగశాలలు ఒక పాలు మట్టికి రెండున్నర పాళ్ల నీరు కలిపి వాహకతను కొలుస్తాయి. అదే మట్టికి ఆ పద్ధతిలో వచ్చే అంకె తక్కువగా ఉంటుంది కాబట్టి, ఏ పద్ధతిలో కొలిచారో అడిగి తెలుసుకోకుండా పై అంకెలతో పోల్చకూడదు. వరి దిగుబడి సంతృప్త సారంలో 3 డెసీసైమన్లు దాటినప్పటి నుంచే తగ్గడం మొదలవుతుంది.

ఈ తేడా తెలియడం చాలా ముఖ్యం. సోడియం ఎక్కువగా ఉన్న నేలను జిప్సం వేయకుండా ఉప్పు తక్కువున్న గోదావరి నీటితో కడిగితే, నీటిలో కరిగే ఉప్పు పోతుంది గానీ బంకమట్టి రేణువులను అంటిపెట్టుకున్న సోడియం మిగిలిపోతుంది. అప్పుడు రేణువులు విడిపోయి రంధ్రాలు మూసుకుపోతాయి, నీరు ఇంకదు, నేల మునుపటికంటే మొండిగా తయారవుతుంది. జిప్సంలోని కాల్షియం సోడియం స్థానాన్ని తీసుకుంటేనే అది నీటితో కదులుతుంది. బయోచార్‌కు స్వతహాగా క్షారగుణం ఉంటుంది కాబట్టి, కారుచౌడులో దాని మోతాదును సగానికి తగ్గించి, పరీక్షలో సూచించిన జిప్సంతో కలిపే వాడాలి. జిప్సంను పూర్తిగా మానేసి బయోచార్ మీద ఆధారపడమని ఎవరైనా చెబితే ఆ మాట నమ్మవద్దు.

ఇక ముడి సరుకు. ఈ పనికి ఊకకంటే, గడ్డికంటే కలప మేలు. కలప బొగ్గులో బూడిద తక్కువ, బూడిదతో వచ్చే లవణాలూ తక్కువ. తీరంలో పెంచే సరుగుడు కొమ్మలు, సుబాబుల్, తుమ్మ, మామిడి కత్తిరింపులు, కోత మిల్లుల్లో మిగిలే చెక్కముక్కలు, కొబ్బరి చిప్పలు బాగా పనికివస్తాయి. కొబ్బరి డొక్కల్లో పొటాషియంతోపాటు క్లోరైడు కూడా ఎక్కువగా ఉంటుంది కాబట్టి వాటిని చౌడు చేలకు వాడకపోవడమే మంచిది. ఉప్పునీటిలో నానిన కలప, రంగు వేసినది, మందు పట్టించినది, ప్లైవుడ్ ఎట్టి పరిస్థితుల్లోనూ కాల్చకూడదు. రంపపు పొట్టు తెరిచిన గుంటలో సెగను ఊపిరాడకుండా చేస్తుంది గనుక దానిని పశువుల కింద పరుపుగా వాడుకోవచ్చు. మడ చెట్ల జోలికి మాత్రం పోరాదు. తుపాను కెరటాలను, కోతను అడ్డుకునే చెట్లను నరికి పొలం బాగుచేసుకోవడం నిలిచే పని కాదు.

కలప పుల్లలు మణికట్టు మందం మించకుండా, బాగా ఎండి ఉండాలి. తయారీకి నేలలో గరాటు ఆకారపు గుంట చాలు, కానీ మన పల్లపు భూముల్లో నాలుగడుగులు తవ్వకముందే ఊట వస్తుంది. అందుచేత గట్టు మీద లోతు తక్కువ గుంట గానీ, పైమూత కోసేసిన ఇనుప డ్రమ్ము గానీ వాడాలి. డ్రమ్ములో ఇదివరకు రసాయనాలు నిల్వ చేసి ఉండకూడదు. అడుగున సన్నపుల్లలు పేర్చి పైనుంచి అంటించాలి. నిప్పుల మీద తెల్లటి బూడిద పొర కనిపించడం మొదలుకాగానే తరువాతి వరుస పుల్లలు పరవాలి. పైన మండే మంట లోపలి వాయువులను కాల్చివేస్తూ, కింది బొగ్గుకు గాలి తగలకుండా కాపాడుతుంది. పొగ లేస్తున్నదంటే వరుసలు తొందరపడి వేస్తున్నారని లేదా కలప పచ్చిగా ఉందని అర్థం. గుంట నిండి చివరి వరుస కూడా నిప్పుగా మారాక నీటితో ఆర్పాలి. ఈ నీరు తప్పనిసరిగా మంచినీరే కావాలి. అందుకే కాలువలు కట్టేయక ముందే, లేదా చెరువులో నీరు ఉండగానే ఈ పని ముగించుకోవడం తెలివైన పని. నీరు చాలకపోతే తడిమట్టితో గాలి చొరబడకుండా కప్పి, పూర్తిగా చల్లారాకే తెరవాలి. లోపల రగులుతున్న బొగ్గు గాలి తగిలితే మళ్లీ అంటుకుంటుంది కనుక గడ్డివాముల దగ్గర గానీ, ఇంటి చూరు కింద గానీ ఎప్పుడూ పోగు చేయకూడదు.

మంచి బయోచార్‌ను చేతిలో నలిపితే పెళుసుగా విరిగిపోతుంది, ఆ మసి సబ్బు లేకుండానే నీటికి పోతుంది. జిడ్డుగా అంటుకుంటే తారు మిగిలి ఉందని తెలుసుకోవాలి. ఒక పాలు పొడికి పది పాళ్ల మంచినీరు కలిపి ఒక గంట తరువాత ఆ తేటను వాహకత మీటరుతో చూడండి. అంకె మీ కాలువ నీటికంటే బాగా ఎక్కువగా ఉంటే ఒకటి రెండుసార్లు కడిగి వాడాలి. ఇదే తేటలో కొన్ని పెసలు, ఉత్త నీటిలో కొన్ని పెసలు మొలకెత్తించి పోల్చితే మిగతా సందేహాలూ తీరుతాయి.

తాజా బొగ్గు నేలలోని నత్రజనిని తన దగ్గరే పట్టి ఉంచి మొదటి పంటను పచ్చబారనీయదు. కాబట్టి సమపాళ్లలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, తేమ ఆరకుండా నీడలో రెండు మూడు వారాలు మాగబెట్టాలి. కోళ్ల ఎరువులోనూ, పశువుల మూత్రంలోనూ లవణాలు ఉంటాయి గనుక చౌడు చేల కోసం వాటిని ధారాళంగా పోయకూడదు. యూరియాను ఈ పోగులో కలిపితే క్షారగుణం వల్ల అది అమ్మోనియాగా ఎగిరిపోతుంది.

మోతాదు విషయానికి వస్తే, పాలచౌడులో సెంటుకు 40 కిలోల పొడి బయోచార్ అంటే హెక్టారుకు సుమారు 10 టన్నులు. ఐదు కిలోల ఎండుకలపకు ఒక కిలో బయోచార్ వస్తుందని లెక్కిస్తే, సెంటుకు 200 కిలోల కలప కావాలి. ఎకరమంతా ఒకేసారి తలకెత్తుకోవడం ఎవరికైనా భారమే. నారుమడితోనో, అన్నిటికంటే చవిటి మూలతోనో మొదలుపెట్టి, పక్కనే బయోచార్ వేయని మడిని పోలికకు విడిచిపెట్టండి. రెంటికీ ఒకే వరి రకం, ఒకే ఎరువులు వాడాలి.

దాళ్వా (రెండో పంట వరి) కోత అయ్యాక మురుగు బోదెలను పూడిక తీసి, రొయ్యల చెరువు వైపు గట్టు పక్కన లోతైన బోదె తవ్వాలి. జూన్‌లో కాలువ నీరు రాకముందు, ఎండిన నేల మీదే బయోచార్‌ను కొద్దిగా తడిపి చల్లాలి, లేకపోతే సముద్రపు గాలికి సగం కొట్టుకుపోతుంది. అదే రోజు పది పదిహేను సెంటీమీటర్ల లోతుకు దున్నాలి. నిలిచిన నీటిలో చల్లితే తేలిపోతుంది. కారుచౌడైతే జిప్సంను ఇప్పుడే కలపాలి. ఆ తరువాత నీరు పెట్టి, కొన్ని రోజులు నిలిపి, పూర్తిగా బయటికి తీయాలి. వీలైతే ఇలా రెండు మూడుసార్లు చేయాలి. పదిహేను సెంటీమీటర్ల మట్టి లోతులోని కరిగే ఉప్పులో ఎక్కువ భాగం కదలాలంటే దాదాపు అంతే లోతు నీరు కిందికి దిగాలి, పై నీటిని తీసివేయడం వల్ల మాత్రమే ఆ పని పూర్తికాదు. నీరు అందే వెసులుబాటు ఉంటే పచ్చిరొట్ట పైరైన జీలుగ చల్లి, పూతకు ముందు దున్నడం ఈ పనికి మంచి తోడు.

పంట కోతకు వచ్చాక రెండు మడుల మట్టినీ విడివిడిగా, ఒకే ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. బయోచార్ మడిలో వాహకత తగ్గి, పక్క మడిలో తగ్గకపోతే మరుసటి వేసవికి ఇంకో మడికి విస్తరించవచ్చు. కలప బొగ్గు నేలలో ఏళ్ల తరబడి నిలుస్తుంది కనుక ఒకసారి వేసిన మడికి ఏటేటా వేయవలసిన పని లేదు. రెంటిలోనూ ఉప్పు తగ్గకపోతే మురుగు నీరు ఎక్కడ ఆగుతున్నదో, పోటు నీరు ఏ తూము గుండా వస్తున్నదో వెతికి, ముందు దాన్ని సరిచేయించుకోవాలి.