తొలకరిలో లారీ స్టీరింగ్ పట్టే కొత్తవాళ్లకు జాగ్రత్తలు

రోహిణి కార్తె ఎండల్లో లారీ నేర్చుకున్నవాళ్లకు మృగశిర రాగానే అదే రోడ్డు కొత్తగా అనిపిస్తుంది. అన్నిటికంటే చెడ్డవి మొదటి రెండు మూడు వానలు. వేసవంతా తారు మీద పేరుకున్న డీజిలు, ఆయిలు, టైరు పొడి తొలి చినుకులకు తడిసి జిగటగా పైకి తేలతాయి. గట్టి వాన గంటసేపు పడితే అదంతా కొట్టుకుపోతుంది. బండి జారేది చినుకులప్పుడే. అద్దం మీద నాలుగు బొట్లు పడగానే వేగం తగ్గించండి, ముందు బండికి దూరం పెంచండి.

ముందు లైసెన్సు సంగతి. లారీకి లెర్నర్ లైసెన్సు కావాలంటే 20 ఏళ్లు నిండాలి, కారు వంటి తేలికపాటి వాహనం లైసెన్సు చేతికొచ్చి ఏడాది కావాలి. లెర్నర్ లైసెన్సు 6 నెలలు చెల్లుతుంది. ముందూ వెనకా ఎర్ర రంగు ఎల్ బోర్డు ఉండాలి, లైసెన్సు ఉన్న గురువు పక్కనే కూర్చోవాలి. గురువు వెనక బెర్తులో నిద్రపోతుంటే నేర్చుకునేవాడు బండి నడపడం మన లారీల్లో మామూలే. అప్పుడేదైనా జరిగితే బీమా కంపెనీ ఆ డబ్బు ఓనరు దగ్గరే వసూలు చేసుకోవచ్చు, కేసు మాత్రం మీ మీద పడుతుంది.

ఇక బండి. రోజూ రాత్రి ఆపాక, గాలి ఇంకా ఉండగానే, ఎయిర్ ట్యాంకుల అడుగున డ్రెయిన్ వాల్వు లాగి నీళ్లు వదిలేయాలి. వానాకాలం గాలిలో తేమ ఎక్కువ, అదంతా కంప్రెసర్ దాటి ట్యాంకులో నీరవుతుంది. ఆ నీరు లైన్లలోకి పోతే వాల్వులు తుప్పుపట్టి బ్రేకు ఆలస్యంగా పడుతుంది. నీళ్లతో నల్ల ఆయిలు కూడా ఎక్కువగా వస్తోందంటే మెకానిక్కుకు చూపించాల్సిందే. కంప్రెసర్ రింగులు అరిగి ఉండొచ్చు, గాలిలో తేమ తీసే డ్రయర్ పని అయిపోయి ఉండొచ్చు.

పొద్దున గేజీ 8 బార్ దగ్గరకు రానివ్వండి. సమతలం మీద చక్రాలకు చెక్క దిమ్మలు పెట్టి, ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేక్ వదిలి, గురువు బ్రేకు తొక్కి పట్టుకుంటే మీరు బండి చుట్టూ తిరిగి బుస్సుమనే చప్పుడు ఎక్కడుందో వినాలి. చూస్తుండగానే ముల్లు దిగిపోతుంటే ఆ రోజు ఘాట్ ఎక్కకూడదు.

టైరు గాడిలో ఉండే అరుగుదల గుర్తు 1.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అది చట్టానికి సరిపోయే లెక్క, వానకు సరిపోదు. ముందు టైర్లకు కనీసం 3 మిల్లీమీటర్ల గాడి లేకుండా జూన్‌లోకి అడుగు పెట్టొద్దు. రీట్రెడ్ టైరు (అరిగిన టైరు మీద కొత్త రబ్బరు అతికించినది) ముందు వేయొద్దు, ఒకే యాక్సిలుకు ఒకవైపు రేడియల్, మరోవైపు నైలాన్ అసలే వద్దు. గాలి చల్లటి టైరులోనే చూడాలి. వెనక జంట టైర్ల మధ్య ఇరుక్కున్న రాయిని బయల్దేరేముందే రాడ్డుతో పొడిచి తీయాలి. తడి రబ్బరు త్వరగా కోసుకుపోతుంది.

వైపర్ రబ్బర్లు వేసవి ఎండకే బిరుసెక్కుతాయి. అవి గీతలు గీస్తుంటే రాత్రిపూట ఎదుటి లైటు అద్దం నిండా పగిలిపోతుంది. కొత్తవి వేయండి, అద్దం మీది జిడ్డును షాంపూ నీళ్లతో కడగండి. పొగాకు రుద్దడం పాత చిట్కా, అది ఒక పూట గడుపుతుంది, అంతే. లోపలి ఆవిరికి ఏసీ ఉంటే వేయడమే మందు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీల్లో ఏసీ తప్పనిసరి. పాత బండిలో రెండువైపులా అద్దాలు రెండు వేళ్లంత దించి ఉంచాలి.

లోడు మీద పట్టా (టార్పాలిన్) కట్టడం కొత్తవాళ్ల పనే, సరుకు తడిసేదీ అక్కడే. రెండు పట్టాలైతే ముందు వెనకది పరచాలి, తర్వాత ముందుది దాని మీదికి వచ్చేలా వేయాలి. ఇంటి పెంకుల్లాగే. తిరగేస్తే ఎదురుగాలి సందులో దూరి పట్టాను లేపుతుంది. మధ్యలో లోడు కాస్త ఎత్తుగా ఉంటే నీళ్లు జారిపోతాయి, పల్లంగా ఉంటే అక్కడే మడుగు కట్టి సిమెంటు బస్తాల్లోకో మిర్చి టిక్కీల్లోకో దిగుతాయి. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, కాబట్టి బయల్దేరిన 30, 40 కిలోమీటర్లకు ఆగి మళ్లీ బిగించాలి. తడి పట్టా మీదికి చెప్పులతో ఎక్కొద్దు, పైన కరెంటు తీగ ఉన్నచోట అసలు ఎక్కొద్దు.

ఘాట్ సంగతికి విశాఖ నుంచి రాయ్‌పూర్ దారినే తీసుకుందాం. పోయేటప్పుడు సాలూరు దాటాక కోరాపుట్ వైపు ఎక్కుడు, జగదల్‌పూర్ దాటి కేశ్‌కాల్ దగ్గర దిగుడు. వచ్చేటప్పుడు తారుమారు. దిగుడు మొదలవకముందే గేరు తగ్గించాలి. మధ్యలో తగ్గించబోతే గేరు పడక న్యూట్రల్‌లో ఇరుక్కుంటారు. ఎక్కడానికి ఏ గేరు పట్టిందో దిగడానికీ అదే, లోడు ఎక్కువైతే ఇంకొకటి కిందది. ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజను పొగకు అడ్డుపడి బండిని నెమ్మది చేసేది) వేసి ఉంచి, వేగం పెరిగినప్పుడు బ్రేకు గట్టిగా తొక్కి గంటకు 8 కిలోమీటర్లు తగ్గగానే వదిలేయాలి. కొంచెం కొంచెంగా తొక్కుతూ పోతే డ్రమ్ములు చల్లారే సందే ఉండదు, పెడలు తొక్కినా పట్టదు. డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేసే గురువుల దగ్గర ఈ ఒక్కటీ నేర్చుకోవద్దు. కాలిన వాసన వస్తే వెడల్పు చోట ఆపి వాటంతటవే చల్లారనివ్వాలి. నీళ్లు పోస్తే డ్రమ్ము పగుళ్లిస్తుంది. ఖాళీ బండికి మాత్రం తడి మలుపులో ఎగ్జాస్ట్ బ్రేక్ వేయకూడదు, వెనక చక్రాలు బరువు లేక పక్కకు జారతాయి.

రోడ్డు మీద నీళ్లు పారుతుంటే ముందు బండి దాటిందన్నది లెక్కకు రాదు. కారు బరువుకు నిలిచిన అంచు 30 టన్నులకు కూలొచ్చు. 2023 జులైలోనూ, 2024 సెప్టెంబరు మొదట్లోనూ నందిగామ దగ్గర ఐతవరం వద్ద 65వ నంబరు జాతీయ రహదారి మీదికే నీళ్లొచ్చి హైదరాబాద్-విజయవాడ బండ్లు ఆగిపోయాయి. అంత పెద్ద రోడ్డుకే అలాగైతే పల్లె చప్టాల సంగతి వేరే చెప్పాలా? నీళ్లు కదులుతుంటే ఆగిపోవడమే. నిలిచిన నీళ్లయినా చక్రం మధ్య హబ్బు దాకా ఉంటే దిగొద్దు, బేరింగు గ్రీజులోకి, డిఫరెన్షియల్‌లోకి నీరు పోతుంది. నీళ్లలో ఇంజను ఆగితే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు, సిలిండర్లోకి నీరు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బయటపడ్డాక నెమ్మదిగా పోతూ నాలుగైదుసార్లు బ్రేకు మెల్లగా తొక్కి లైనర్లు ఆరబెట్టాలి.

మార్జిన్ మట్టిని కూడా నమ్మొద్దు. నల్లరేగడి పైకి గట్టిగానే కనిపిస్తుంది, ఎడమ చక్రాలు దిగాక బండి ఒరుగుతుంది. ఆపాలంటే పెట్రోలు బంకు, లేదా రోడ్డు పక్క బండ్లు ఆపేందుకు కాంక్రీటు వేసిన లేబై. పంక్చరైతే జాకీ కింద మందపాటి పలక వేయాలి, బండి లేపకముందే నట్లు వదులు చేసుకోవాలి, మెరిసే త్రికోణం 50 మీటర్లు వెనక పెట్టాలి. పని అయ్యాక అడ్డుపెట్టిన రాళ్లను మీ చేత్తో తీసి అవతల వేయాలి. వదిలేసిన రాయి రాత్రి ఏ బైకువాడి ప్రాణమో తీస్తుంది. జాతీయ రహదారి మీద సాయానికి 1033.

వాన పడుతోందని బండి కింద పడుకోవద్దు. క్యాబిన్ అద్దాలు మూసి స్టవ్ మీద వండొద్దు, ఆ పొగ వాసన లేకుండానే చంపుతుంది. అర్ధరాత్రి దాటాక 2 నుంచి 5 దాకా నిద్ర ముంచుకొచ్చే వేళ. సాయంత్రమే మూడు గంటలు పడుకున్నవాడే ఆ వేళ గురువుతో మాట్లాడుతూ కూర్చోగలడు. చట్టం ప్రకారం కూడా 5 గంటల పని తర్వాత అరగంట విరామం ఉంది. బస్తర్ వైపు పోతే దోమతెర తీసుకెళ్లండి, వచ్చాక జ్వరం తగిలితే మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి.

వరదకు దారిలో చిక్కుకుంటే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ పత్రం) గడువు చూసుకోండి. 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్క. గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల దాకా పొడిగించుకోవచ్చు, ఆఫీసుకు ఫోన్ చేసి ఆ పని ముందే చేయించండి. కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో, సీటు కింద కాకుండా పైన పెట్టండి.