మూడు బ్లేడ్లకూ ఒకే కోణం
షెడ్డులో కట్టుకున్న చిన్న విమానానికి ప్రొపెల్లర్ పిచ్, అంటే బ్లేడ్ల వాలు కోణం, సెట్ చేయడమంటే నాకు సగం పూట పోయేది. ఒక బ్లేడు సరిచేస్తే ఇంకోటి తేడా, ఇంజిన్ వేస్తే సీటు దాకా వణుకు. హన్మకొండ చౌరస్తాలో కోణం కొలిచే డిజిటల్ యాంగిల్ గేజ్ కొన్నాక అరగంట పని. అదే, కార్పెంటర్లు వాడేది.

ముందు ఇగ్నిషన్ ఆఫ్ చేసి ప్లగ్ వైర్లు పీకేయాలి. హబ్ (బ్లేడ్లు బిగించే మధ్య భాగం) ముందు ముఖానికి గేజ్ ఆనించి జీరో చేయండి. 160 సెం.మీ. ప్రొపెల్లర్‌కైతే హబ్ మధ్య నుంచి 60 సెం.మీ. దగ్గర ప్రతి బ్లేడుకూ టేపు ముక్క వేయండి. కొలిచే బ్లేడును ప్రతిసారీ ఒకే వైపు అడ్డంగా ఆపి, టేపు దగ్గరే, చదునుగా ఉన్న వైపు కొలవాలి. మూడింటి మధ్య తేడా 0.2 డిగ్రీలు దాటొద్దు. బోల్టులు కంపెనీ చెప్పిన బిగించే బలానికి, అంటే టార్క్‌కి బిగించాక మళ్లీ కొలవండి, బిగింపులో కోణం జరుగుతుంది.

మధ్యలో ఎవరైనా విమానానికి ఆనుకుని కదిపారా, జీరో పోయినట్టే. మళ్లీ మొదటి నుంచి.