సైట్లో ఐదు టీములు ఐదు దిక్కులకి లాగుతుంటే ఏం చేయాల

మొన్న మాకు తమ్ముడు వరసయ్యే పిల్లోడు ఫోన్ చేసినాడు, అన్నా సోలార్ సైట్ ఇన్‌చార్జి చేసినారు గానీ ఒక్క టీము ఇంకో టీము మాట వినట్లేదు, ఏం చేయాల అని. వానికి చెప్పిందే కొంచెం సర్ది రాస్తాండా.

మా ఓర్వకల్లు పక్క గని, శకునాల ఊర్ల కాడ 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో మొదలైనప్పటి నుంచి ఇట్లాంటి సైట్లకి ఈడ కొదవ లేదు. నేను చేసింది చిన్న సైటే, అయినా జనం అన్ని రకాలోళ్లు. గుంతలు తవ్వి కాంక్రీటు పోసేది తమిళనాడు మేస్త్రీ మనుషులు, ఇనుప స్ట్రక్చర్ బిగించేది బీహార్ పిల్లోళ్లు, ప్యానెళ్లు మోసేది మన ఊర్లోళ్లు, కేబుళ్లు కలిపేది వేరే కంపెనీ ఎలక్ట్రీషియన్లు, గేటు కాడ భూములిచ్చిన రైతుల కొడుకులు.

ముందు, ఏ విషయంలో ఎవరిది చివరి మాటో ఆఫీసు గోడ మీద పెద్దగా రాయించు. పైల్, అంటే గుంతలో పోసిన కాంక్రీటు దిమ్మ, దాని ఎత్తు సరిపోయిందా అనేది సర్వేయర్ చెప్పాల, కేబుల్ ముట్టుకోవచ్చా అనేది ఎలక్ట్రికల్ ఇంజనీర్ చెప్పాల. ఈ రెండోదాంట్లో నువ్వు కూడా వేలు పెట్టొద్దు. ఎండ పడినంతసేపు ప్యానెల్ వోల్టేజీ పుట్టిస్తానే ఉంటాది, స్విచ్ ఆపితే ఆగేది కాదు, పెద్ద సైట్లలో వరసగా కలిపినాక 1,500 వోల్టులు దాకా పోతాది, ఆడ పెద్దరికం చూపించినావనుకో మనిషి పోతాడు.

ఇంగ అసలు సంగతి. గొడవలన్నీ ఒక టీము ఇంకో టీముకి పని అప్పజెప్పే కాడే పుడతాయి. మా సైట్లో ఒకసారి రెండు వరసల పైళ్లు పక్కకి జరిగిపోయినాయి, స్ట్రక్చర్ కాళ్లు బోల్టుల మీద కూర్చోలా, తప్పు నీదంటే నీదని మూడు రోజులు పని బంద్, కాంక్రీటు గట్టిపడినాక చేసేదేముంది, పగలగొట్టి మళ్లీ పోయడమే. మా పెద్దాయన ఆ రోజు ఎవర్నీ తిట్టలా. మర్నాటి నుంచి సాయంత్రం ఐదుకి ఇద్దరు ఫోర్‌మన్లూ దారం, టేపు పట్టుకుని వరస వెంబడి కలిసి నడవాల, బాగుంటే ఆడే నిలబడి ఒక నోటుబుక్కులో ఇద్దరూ సంతకం పెట్టాల, బాగలేకపోతే తీసుకునేటోడు నేను తీసుకోను అనొచ్చు, వాన్ని ఎవరూ ఏమీ అనకూడదు అన్నాడు. మొదటి వారం అందరూ సణిగినారు. నెల తిరిగేలోపు తమిళనాడు మేస్త్రీనే కాంక్రీటు పోయకముందే బీహారోళ్ల ఫోర్‌మన్‌ని పిలిచి, భయ్యా ఒకసారి చూసుకో అనడం మొదలుపెట్టినాడు. నువ్వు ఇంకేం చేయకపోయినా ఈ నోటుబుక్కు మాత్రం పెట్టు.

పొద్దున మీటింగు పది నిమిషాలు, అంతే. నిన్న ఏది ఆగింది, ఈ రోజు ఎవరి పని ఎవరి కోసం కాచుకోనుండాది, ఇవి రెండు అడుగు, స్పీచులొద్దు. మన కర్నూలోళ్లకి ఉర్దూ కలిసిన హిందీ వస్తాది గాబట్టి కొంచెం సులువు, అయినా అర్థమైందా అని అడగొద్దు, అందరూ తలకాయ ఊపుతారు, ఏం చేస్తావో చేసి చూపించు అను.

ఫోర్‌మన్‌ని వాని మనుషుల ముందర తిట్టొద్దు. వాన్ని దాటి కూలీలకి నేరుగా పని చెప్పొద్దు. పొద్దున చెప్పిన మాట సాయంత్రానికి మార్చాల్సి వస్తే నువ్వే పోయి అందరి ముందర మార్చినా అని చెప్పు. ఏసీ రూములో కూర్చుని వాట్సాప్‌లో నడిపిస్తా అంటే మాత్రం కుదర్దు. మన్రో దొర 1800 నుంచి 1807 దాకా మన సీమ జిల్లాలకి కలెక్టరు, మద్రాసు గవర్నరు అయినాక కూడా తిరగడం మానలా, 1827లో అట్లా తిరుగుతానే మన పత్తికొండలో కలరా వచ్చి పోయినాడు. అంత దూరం పోమనట్లేదు, రోజుకి రెండు సార్లు సైటు చుట్టు తిరుగు చాలు, హెల్మెట్ పెట్టుకుని.

పండగలు ముందే క్యాలెండర్లో రాసుకో. దీపావళి అయిన ఆరో రోజు ఛఠ్, బీహార్ పిల్లోళ్లు ఆగమన్నా ఆగరు. దసరాకి మనోళ్లు సగం మంది దేవరగట్టుకి, ఇంగ పీర్ల పండగ, ఉగాది. పంపించేసి ఆ వారం వేరే టీము పని పెట్టుకో. కూలి డబ్బులు కాంట్రాక్టర్ ఇచ్చినాడా లేదా అని కూలోళ్లనే అడుగు, కాంట్రాక్టర్ని కాదు. వంటలు వేరైనా, వాళ్లకి రొట్టె మనకి సంగటి, పొద్దున ఉగ్గాణి బజ్జీ మాత్రం అందరికీ ఒక్క కాడే పెట్టించినాం, ఆ అరగంటలో తెగిన పంచాయితీలు మీటింగుల్లో తెగలా.

జేసీబీకి మాత్రం నాకు మందు దొరకలా. ఒక్కటే బండి, ఐదు టీములు, గంటల లెక్కన చీటీ రాసి తాళం నా జేబులోనే పెట్టుకున్నా. అయినా శనివారం సాయంత్రం చూస్తే గేటు కాడ పిల్లోని మామ పొలంలో గుంత తవ్వుతాంటాది.