పాలలో రేడియోధార్మికత ఎలా కొలవాలి?

రేడియేషన్‌ని పసిగట్టే చిన్న పరికరం గైగర్ కౌంటర్‌ని పాల ప్యాకెట్‌కి ఆనిస్తే ఏమీ తేలదు. మా పక్కింటాయన ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించి, వంటింటి గ్రానైట్ గట్టు మీద ప్యాకెట్ పెట్టి చూశాడు. అంకె పెరిగింది. పాప తాగే పాలు కదా, ఇల్లంతా టెన్షన్. ప్యాకెట్ తీసేసినా అంకె తగ్గలేదు. అది గట్టుది!

గామా కిరణాల్ని పట్టి వాటి శక్తిని కొలిచే సోడియం అయొడైడ్ డిటెక్టర్, చుట్టూ మందపాటి సీసం, లీటరు మారినెల్లి బీకర్ కావాలి. ఈ బీకర్ అడుగున గుంట ఉంటుంది, డిటెక్టర్ మీద టోపీలా కూర్చుంటుంది. పాలు గీత దాకా పోసి, విరగకుండా కాస్త ఫార్మాలిన్ కలిపి, రాత్రంతా కౌంటింగ్‌కి వదిలేయండి. గంటలో తేల్చేసిన రిపోర్టు నేను చదవను. ఫార్మాలిన్ విషం, కాబట్టి కొలిచిన పాలు పారబోయాల్సిందే.

అసలు చిక్కు బ్యాక్‌గ్రౌండ్‌తో, అంటే పాలది కాక చుట్టుపక్కల నుంచి వచ్చే రేడియేషన్‌తో. హైదరాబాద్ కూర్చున్నదే గ్రానైట్ బండ మీద. అందులోంచి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు ఊరి గదిలోకి చేరుతుంది. దాని నుంచి పుట్టే సీసం-214 352 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (కిరణం శక్తికి కొలత) దగ్గర, బిస్మత్-214 609 దగ్గర పీక్ చూపిస్తాయి, అంటే గ్రాఫ్‌లో అక్కడ శిఖరం లేస్తుంది. అణు ప్రమాదాల్లో బయటపడేవి, మనం పాలలో వెతికేవి రెండు: అయొడిన్-131 ఉండేది 364 దగ్గర, సీజియం-137 ఉండేది 662 దగ్గర. ఈ డిటెక్టర్‌కి చూపు మందం, పక్కపక్క పీక్‌లు కలిసిపోతాయి. తొందరపడ్డవాడు గోడలోని బిస్మత్‌ని పాలలోని సీజియంగా రాసేస్తాడు. జెర్మేనియం డిటెక్టర్ ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు, కానీ అది అందరికీ ఎక్కడ దొరుకుతుంది?

కాబట్టి అదే బీకర్‌లో నీళ్లు పోసి, అదే గదిలో, అన్ని గంటలూ కొలిచి, ఆ లెక్క తీసేయండి. ఖాళీ బీకర్‌తో సరిపెట్టే అలవాటు మానండి. గది నుంచి వచ్చే కిరణాల్ని పాలు కొంత ఆపుతాయి, గాలి ఆపదు. తర్వాత 1764 దగ్గర చూడండి, అది బిస్మత్‌దే. నీళ్ల రాత్రి కంటే పాల రాత్రి అక్కడ ఎక్కువ వస్తే రేడాన్ పెరిగినట్టే, మళ్లీ కొలవండి. ఓ మే నెలలో నా గదిలో ఏసీ ఆగిపోయి పీక్‌లన్నీ పక్కకి జరిగాయి, పొద్దున చూసేసరికి రాత్రి కౌంటింగంతా వృథా. అందుకే పొటాషియం-40 పీక్ 1461 దగ్గరే ఉందో లేదో ముందూ వెనకా చూస్తాను. మామూలు ఆవు పాలలో సహజంగానే లీటరుకి సుమారు 40-50 బెకెరెల్ (సెకనుకి ఎన్ని అణువులు విచ్ఛిన్నమవుతాయో చెప్పే కొలత) పొటాషియం-40 ఉంటుంది. అది చూసి బిడ్డకి పాలు మాన్పించకండి.

అయొడిన్ అనుమానం తీరకపోతే బీకర్ మూత బిగించి 8 రోజుల తర్వాత మళ్లీ కొలవండి. సగానికి తగ్గకపోతే అది అయొడిన్ కాదు.

పసిపిల్లల ఆహారంలో అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన మార్గదర్శక స్థాయి కిలోకి అయొడిన్-131కి 100 బెకెరెల్, సీజియంకి 1000. జపాన్ 2012లో పాలకి సీజియం హద్దు కిలోకి 50 చేసింది. పసివాళ్ల థైరాయిడ్ చిన్నది, అంతే అయొడిన్ అందులో చేరినా డోసు ఎక్కువ పడుతుంది. 1986లో చెర్నోబిల్ తర్వాత అక్కడి పిల్లలకి థైరాయిడ్ క్యాన్సర్లు వచ్చింది ముఖ్యంగా పాల వల్లే.

అణు ప్రమాదాల్లో వచ్చే మరో పదార్థం స్ట్రాన్షియం-90 గామా కిరణాలు వదలదు, కాబట్టి ఈ పద్ధతికి చిక్కదు. దాన్ని రసాయన పద్ధతిలో విడదీసి, అది వదిలే బీటా కిరణాల్ని కొలవాలి. రిపోర్టు చివర ‘స్ట్రాన్షియం చూడలేదు’ అని తప్పక రాయండి.