ఫిషింగ్ రాడ్‌పై విరిగిన గైడ్‌ను మార్చుకునే పద్ధతి

నేను చూసినంతలో హైదరాబాద్ నుంచి చేపల వేటకు వెళ్లేవారి రాడ్లు కొర్రమీను లాగుడు కంటే ప్రయాణంలోనే ఎక్కువగా దెబ్బతింటాయి. మోటారు సైకిల్ పక్కన కట్టుకుని నాగార్జునసాగర్ దాకా సుమారు 150 కిలోమీటర్లు తీసుకువెళ్లిన రాడ్‌ను విప్పి చూస్తే, కర్ర నిక్షేపంగా ఉంటుంది గానీ, దాని మీది ఒక లోహపు గైడ్ (లైన్ దూరి వెళ్లే రింగు) పక్కకు ఒరిగో, కర్రకు ఆనే పాదం దగ్గర విరిగో కనిపిస్తుంది. చాలామంది వెంటనే సూపర్ గ్లూతో అతికిస్తారు. నేనూ ఒకసారి అలాగే చేశాను, మొదటి చేపకే అది ఊడి లైన్ వెంట జారిపోయింది. రాడ్ వంగినప్పుడు గైడ్ పాదం మీద పడే లాగుడును భరించేది దాని చుట్టూ బిగించిన దారం. పైన పూసే ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) ఆ దారానికి కాపలా మాత్రమే. విరిగిన చోట టంకం వేయించాలని కూడా చూడకండి, ఆ వేడికి కర్రలోని రెసిన్ పాడవుతుంది. కొత్త గైడ్ వేసుకోవడమే మేలు.

ముందుగా మిగిలిన గైడ్లన్నింటినీ పరీక్షించాలి. ప్రతి రింగు లోపలి అంచు వెంట దూది తిప్పితే, రింగులోని సిరామిక్ పొరకు పడిన, కంటికి కనిపించని పగులు దగ్గర దూది పోగులు చిక్కుకుంటాయి. అలాంటి పగులు నైలాన్ లైన్‌ను కోసేస్తుంది కనుక ఆ గైడ్‌ను కూడా మార్చవలసిందే. రింగు బాగుండి చట్రం కొద్దిగా వంగి ఉంటే మాత్రం చేత్తో నెమ్మదిగా సరిచేయవచ్చు, కానీ అదే చోట మళ్లీ మళ్లీ వంచితే లోహం అలసి విరుగుతుంది.

కొత్త గైడ్‌కు రింగు కొలత, ఎత్తు, పాదాల సంఖ్య మూడూ పాతదానితో సరిపోవాలి. దుకాణానికి పాత గైడ్‌ను తీసుకువెళ్లడం కంటే తేలిక మార్గం లేదు. దారం సన్నని, గట్టి నైలాన్‌దై ఉండాలి. రాడ్ల కోసమే అమ్మే దారం దొరకకపోతే, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో దర్జీలు కొనే నైలాన్ దారం సరిపోతుంది. నూలు దారం పనికిరాదు. ఎపాక్సీ పూయగానే నైలాన్ రంగు ముదురుతుందని గుర్తుంచుకుని, మీరు కోరే రంగు కంటే లేతది ఎంచుకోండి.

పాత గైడ్‌ను తీసేటప్పుడే కర్రకు అసలు ప్రమాదం. బ్లేడును ఎప్పుడూ పాదం లోహం మీదుగానే నడపాలి, కర్ర మీద ఆనించకూడదు, ఎందుకంటే కార్బన్ కర్రపై పడిన సన్నని గీత కూడా బరువు పడినప్పుడు అక్కడే విరగడానికి దారి తీస్తుంది. పాత పూతను హెయిర్ డ్రయర్‌తో కొద్దిగా వేడి చేస్తే మెత్తబడుతుంది. పాదం పైభాగాన దారాన్ని పొడవునా కోసి, మిగిలినదాన్ని గోటితో ఒలిచేయాలి. తర్వాత ఆ చోటును స్పిరిట్‌తో తుడవాలి.

కొత్త గైడ్ పాదం చివరను సన్నని ఆకురాయితో అరగదీసి వాలుగా చేయాలి. మొద్దుగా వదిలేస్తే దారం కర్ర మీద నుంచి పాదం మీదికి ఎక్కే చోట ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలోకే తర్వాత నీరు చేరుతుంది. అడుగున గరుకు అంచులు ఉంటే అవీ పోవాలి. గైడ్‌ను పాత స్థానంలో ఉంచి, ఒక పాదానికి టేపు చుట్టి, రీలు వైపు నుంచి ఒక కన్ను మూసి చూస్తూ మిగతా గైడ్లతో ఒకే వరుసలోకి తేవాలి.

ఇక చుట్టడం. అట్టపెట్టె రెండు అంచుల్లో గాట్లు పెట్టి రాడ్‌ను వాటిపై ఉంచండి. దారాన్ని బరువైన పుస్తకం పేజీల మధ్య నుంచి రానిస్తే బిగువు దానంతటదే సమంగా ఉంటుంది. టేపు లేని పాదం చివరకు 3, 4 మిల్లీమీటర్ల ఇవతల కర్ర మీద మొదలుపెట్టి, దారం కొస మీదుగా అయిదారు చుట్లు వేసి, మిగిలిన కొసను కత్తిరించాలి. ఆపై దారాన్ని తిప్పకుండా కర్రనే తిప్పుతూ, చుట్టు పక్కన చుట్టు ఆనేటట్లు రింగు వైపు సాగాలి. ఇంకా ఆరేడు చుట్లు మిగిలి ఉండగా, మడిచిన వేరొక దారపు ముక్కను పెట్టి దాని మీదుగా చుట్టాలి. చివరి కొసను ఆ మడతలో దూర్చి ముక్కను లాగితే, కొస చుట్ల కిందికి వచ్చి ముడి లేకుండానే బిగుస్తుంది. చుట్ల మధ్య సందులుంటే చెంచా వెనుక భాగంతో నొక్కి దగ్గరకు చేర్చండి. రెండో పాదం టేపు తీసి అదే విధంగా చుట్టాక వరుస మరోసారి చూసుకోవాలి, ఎపాక్సీ పడ్డాక గైడ్ కదలదు.

అయిదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ వద్దు, అది సమంగా పరుచుకునే లోపే బిగుసుకుంటుంది. నెమ్మదిగా ఆరే రకంలో రెండు భాగాలను తయారీదారు చెప్పిన పాళ్లలో, సూది తీసిన సిరంజీలతో కొలిచి, బుడగలు రాకుండా మెల్లగా కలపాలి. పలుచని పూత వేసి, కారడం ఆగే వరకు రాడ్‌ను కొన్ని నిమిషాలకొకసారి తిప్పుతూ ఉండాలి. మే నెల మధ్యాహ్నం మన ఊళ్లో ఇది చూస్తుండగానే చిక్కబడుతుంది కనుక ఉదయమే పని పెట్టుకోండి. ముసురు రోజుల్లో తేమకు పూత మీద మసక పొర కడుతుంది, ఆ రోజు పని వాయిదా వేయడమే మంచిది. రెండో పలుచని పూతను మరుసటి రోజు వేయాలి.

రాడ్ కొసన ఉండే చిట్టచివరి గైడ్‌కు ఇంత పని లేదు. కర్ర కొసకు తొడిగిన దాని గొట్టాన్ని లైటర్‌తో కొద్దిగా వేడి చేసి ప్లయర్‌తో లాగి, కొత్తదాన్ని వేడికి కరిగే జిగురుతో అతికిస్తే చాలు, మళ్లీ అవసరమైనప్పుడు తేలికగా ఊడుతుంది.

పూత ఆరాక మరో రెండు రోజులు ఆగి, లైన్‌ను అన్ని గైడ్లలోంచి తీసి, అరలీటరు నీళ్ల సీసా కట్టి నెమ్మదిగా ఎత్తి చూడండి. పాదం చివర పూతలో తెల్లని గీత కనిపిస్తే దారం వదులుగా ఉందన్నమాట, ఆ పాదాన్ని విప్పి మళ్లీ చుట్టాలి.