మడి ఆరినా దిగుబడి తగ్గదు: వరిలో ఆరుతడి

నాట్ల నుంచి కోతల దాకా మడిలో నీళ్లు నిలిచే ఉండాలంటే నేను ఒప్పుకోను. వరి నీళ్లలోనూ బతకగలదు, అంతేగానీ ఎప్పుడూ నీళ్లలోనే ఉండాల్సిన మొక్క కాదు. నిలవ నీరు ముఖ్యంగా చేసే మేలు కలుపును అణచడం. దానికి బదులుగా మనం గాల్లోకి వదిలే, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు తక్కువేమీ కాదు.

నీరు నిలిచిన మట్టికి గాలి అందదు. అలాంటి చోట బతికే సూక్ష్మజీవులు కుళ్లే గడ్డినీ వేళ్లనీ మీథేన్‌గా మారుస్తాయి. అందులో ఎక్కువ భాగం వరి మొక్క లోపలి గాలి దారుల గుండానే పైకి పోతుంది. భూమిని వేడెక్కించడంలో, నూరేళ్ల లెక్కలో, ఒక టన్ను మీథేన్ సుమారు 27 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఆరుతడి అంటే మడిని మధ్యమధ్యలో ఆరనిచ్చి మళ్లీ నీరు పెట్టడం. అలా మట్టికి గాలి తగలనిస్తే ఆ సూక్ష్మజీవుల జోరు తగ్గుతుంది. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2019లో సవరించిన లెక్కల ప్రకారం, ఎప్పుడూ నీరు నిలిచే మడి నుంచి 100 పాళ్లు మీథేన్ వస్తే, ఒక్కసారి ఆరబెట్టిన మడి నుంచి 71, పలుమార్లు ఆరబెట్టిన మడి నుంచి 55 పాళ్లు వస్తుంది.

ఎంతవరకు ఆరబెట్టాలన్నదే అసలు ప్రశ్న. దానికి ఒక గొట్టం ముక్క చాలు. 30 సెంటీమీటర్ల పొడవు, 10 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ప్లాస్టిక్ పైపు తీసుకుని, కింది సగానికి చుట్టూ చిన్న రంధ్రాలు వేయండి. రంధ్రాలున్న సగం మట్టిలోకి దిగేలా పాతి, లోపలి బురదంతా చేత్తో తీసేయండి. నీరు పెట్టాక గొట్టం లోపలా బయటా మట్టం ఒకేలా ఉందో లేదో చూడండి. తేడా ఉంటే రంధ్రాలు పూడుకున్నట్టే, తీసి కడిగి మళ్లీ పాతాలి. గట్టుకు దగ్గరైతే చూడ్డం తేలిక, కానీ మరీ ఆనించి పెట్టొద్దు. మిట్టలోనూ పల్లంలోనూ కూడా వద్దు. మడి చదునుగా లేకపోతే ఈ కొలతకు అర్థమే ఉండదు కాబట్టి దమ్ములోనే, అంటే నీళ్లు పెట్టి బురదగా దున్నేటప్పుడే, చదును చూసుకోవాలి.

నాటు వేళ్లూనుకున్నాక, అంటే ఒకటి రెండు వారాలకు, ఆరుతడి మొదలుపెట్టొచ్చు. ఊద కలుపు ఎక్కువగా వచ్చే మడైతే ఇంకో వారం ఆగండి. తర్వాత 5 సెంటీమీటర్ల నీరు పెట్టి వదిలేయడమే. పైన మట్టి ఆరి వెంట్రుకవాసి పగుళ్లు కనిపించగానే గుండె గుభేలుమంటుంది. అప్పుడు గొట్టంలోకి తొంగిచూడండి. పది సెంటీమీటర్ల లోతులో నీళ్లు కనిపిస్తాయి, వేళ్లకు అవి అందుతున్నాయి. 15 సెంటీమీటర్లకు దిగితేనే మళ్లీ నీరు పెట్టాలి. ఈ హద్దు దాటనంత కాలం దిగుబడికి టెన్షన్ అక్కర్లేదు. పగుళ్లు వెడల్పయ్యేదాకా వదిలేస్తే మాత్రం పెట్టిన నీరంతా అడుక్కి పోతుంది.

పూత దగ్గర రాజీ వద్దు. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత వరకు నీరు నిలవాల్సిందే. అప్పుడు ఎండగడితే తాలు పెరుగుతుంది.

నేను మరీ మరీ చెప్పేది యూరియా గురించి. మట్టి తడిసి ఆరే క్రమంలో నత్రజని కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుంది. అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 273 రెట్లు చెరుపు. మీథేన్‌లో మిగిల్చింది ఇక్కడ పోగొట్టుకోకూడదు. అందుకే ఆరిన మట్టి మీద యూరియా చల్లి, వెంటనే నీరు పెట్టండి. ఎరువు వేళ్ల దగ్గరికి దిగుతుంది. ఆకు పచ్చదనాన్ని బట్టి నత్రజని అవసరం చెప్పే ఆకు రంగుల కార్డుతో పోల్చి, పైరు అడిగినంతే వేయండి.

గడ్డిని తగలబెట్టొద్దు. అలాగని దమ్ముకు ముందు పచ్చిగా కలియదున్నితే మీథేన్‌కు మేత వేసినట్టే. నాట్లకు 30 రోజులకు మించి ముందే, నీరు లేని నేలలో దున్నేయండి. కంపోస్టు చేసి వేస్తే మరీ మంచిది.

ఉప్పు నేలల్లో ఈ పద్ధతి వద్దు, ఆరితే ఉప్పు పైకి తేలుతుంది. అడిగినప్పుడు నీరు అందని పొలాల్లోనూ పలుమార్లు ఆరబెట్టే జోలికి వెళ్లొద్దు. అక్కడ పిలకల దశ చివర్లో ఒక్కసారి, మళ్లీ నీరు ఖాయంగా వస్తుందని తెలిసినప్పుడే మడిలో నీరు తీసేయండి.